గాలివాన పోయి మూడు రోజులైంది, మా వాడకు కరెంటు ఎందుకు రాలేదు? – ఒక పాత లైన్ ఇన్‌స్పెక్టర్ జవాబు

నర్సంపేట వైపు ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. సోమవారం సాయంత్రం గాలిదుమారం వచ్చింది. సబ్‌స్టేషన్‌కు ఆ రాత్రే కరెంటు వచ్చింది. ఊర్లో సగానికి మర్నాడు వచ్చింది. వీళ్ల వాడకు, వీళ్ల బావుల కాడికి మాత్రం మూడో రోజు కూడా లేదు. ఫోన్ చేస్తే లైన్‌మన్ పెట్రోలింగ్‌లో ఉన్నానంటాడు. "మాకు కనిపిస్తున్నది ఒరిగిన స్తంభం ఒకటి, తెగిన తీగ ఒకటి. ఊర్లో వైరింగ్ పని తెలిసిన పిలగాడు ఉన్నాడు. ఏబీ స్విచ్ (లైన్‌ను మధ్యలో విడదీసే, స్తంభం మీది స్విచ్) ఓపెన్ చేసి మేమే ముడేసుకుంటే ఏమవుతుంది?" అని అడిగాడు. తెగిన తీగ ఫొటో కూడా పెట్టాడు.

తమ్ముడూ, ముందు ఫొటో సంగతి. తీగ కొస మామిడితోట కంచె మీద పడి ఉంది. ఆ కంచె ఇనుప తీగతో వేసింది, రోడ్డు దాకా పోయింది. కాబట్టి ఆ కంచె మొత్తాన్నీ కరెంటు తీగ కిందే లెక్క కట్టాలి. నేను రాసింది చదవడం కాసేపు ఆపి, ముందు ఇద్దరు మనుషులను అక్కడ నిలబెట్టండి. మనుషులు గానీ గొడ్లు గానీ పది మీటర్ల లోపలికి రావద్దు. మూడు రోజులుగా కరెంటే లేదు కదా అంటారు. ఆ మాట ఎందుకు నమ్మకూడదో కింద చెప్తాను. తర్వాత 1912కు ఫోన్ చేసి, "తీగ తెగి కంచె మీద పడింది" అన్న ముక్క ముందు చెప్పండి. గాలివాన రోజున కరెంటు లేదనే ఫోన్లు వందలు వస్తాయి, తీగ కింద పడిందన్న ఫోన్‌ను మాత్రం పక్కన పెట్టలేరు.

ఇక ముడేసుకోవడం గురించి. వద్దు. నేను 1987లో హెల్పర్‌గా చేరి 2021లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. పరకాల, ములుగు, నర్సంపేట చుట్టూ నేను ఎక్కని స్తంభాలు తక్కువ. ఇన్నేళ్లలో నేను మోసిన శవాల్లో ఉరుములు మెరుపుల మధ్య పోయినవాళ్లు ఒకరిద్దరే. మిగతా అందరూ వాన వెలిసి, ఎండ కాసి, "లైన్ చచ్చిపోయి ఉంది" అనుకున్నాక పోయినవాళ్లే.

సబ్‌స్టేషన్‌కు వచ్చాక కూడా మీకు ఎందుకు రాలేదన్నది న్యాయమైన ప్రశ్నే. చెరువు నిండినంత మాత్రాన మీ మడికి నీళ్లు రావు కదా. తూము లేవాలి, కాలువ గండి పడకుండా ఉండాలి, పిల్లకాలువ పూడకుండా ఉండాలి. ఇదీ అంతే. సబ్‌స్టేషన్‌కు వచ్చిందంటే 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైన్ నిలబడిందని అర్థం. అక్కడి నుంచి నాలుగైదు 11 కేవీ ఫీడర్లు, అంటే ఊర్లకు కరెంటు మోసే లైన్లు బయలుదేరతాయి. ఒక్కో ఫీడర్ ఊర్లు, తోటలు, చెరువు కట్టలు దాటుకుంటూ కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. ప్రతి కొమ్మకూ ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి కింద ఇళ్లకు, బావులకు పోయే తక్కువ వోల్టేజీ ఎల్‌టీ లైన్లు. పెద్ద గాలి వచ్చాక ఈ దారిలో ఎక్కడెక్కడ ఏం తెగిందో ఎవరికీ తెలియదు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌కు కనిపించేది ఒక్కటే, బ్రేకర్ పడిపోయింది, అంటే ఫీడర్‌ను ఆపే పెద్ద స్విచ్ దానంతట అదే ఆఫ్ అయింది. కరెంటు భూమిలోకి పోయిందా (ఎర్త్ ఫాల్ట్), తీగలో మరీ ఎక్కువ పారిందా (ఓవర్ కరెంట్) అని రిలే, అంటే తప్పును పసిగట్టే పరికరం, చెప్తుంది. ఏ ఊర్లో, ఏ స్తంభం మీద అన్నది చెప్పదు.

దాన్ని వెతకడమే పెట్రోలింగ్. మీకు ఆ మాట తప్పించుకునే మాటలా వినబడింది, అసలు పనిలో సగం అదే. తీగ కింద నడవాలి. పొలాల్లో, బురదలో, మక్క కంకులు నేలకు ఒరిగిన చేన్లలో, తల పైకెత్తి నడవాలి. కింద పాము ఉందా అని ఒక కన్ను. ములుగు, భూపాలపల్లి అడవి అంచుల్లో ఇంకో భయం కూడా ఉంది, అడవిపందుల కోసం దొంగతనంగా లాగిన కరెంటు ఉచ్చులు. మేం లైన్ ఛార్జ్ చేస్తే, అంటే కరెంటు వదిలితే, ఆ ఉచ్చు కూడా ఛార్జ్ అవుతుంది, అది మా మనిషి కాలికే తగలవచ్చు. రాత్రిపూట పెట్రోలింగ్‌కు మనుషులు వెనకాడతారంటే దాని వెనక ఇలాంటివి ఉన్నాయి.

మొత్తం నడవకుండా ఉండటానికి ఒక పద్ధతి ఉంది. ఫీడర్ మధ్యలో ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, మొదటి సగం కంటితో చూసుకుని, దాన్ని ఛార్జ్ చేస్తారు. నిలబడితే తప్పు అవతలి సగంలో ఉంది. అప్పుడు ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. స్విచ్ లేని చోట జంపర్లు, అంటే కొమ్మను మెయిన్ లైన్‌కు కలిపే తీగ ముక్కలు, విప్పి కొమ్మను వేరు చేస్తారు. మీ ఊర్లో సగానికి వచ్చి మీకు రాకపోవడం చూస్తే నాకు తోచేది ఇదే. మీ వాడ కొమ్మ మీద తీగ తెగిందని తెలిసి, దాని జంపర్లు వాళ్లే విప్పి పెట్టి, మిగతా ఊరికి ఇచ్చి ఉంటారు. మీ మీద పగతో చేసింది కాదది. మీ కొమ్మను వదిలేయకపోతే ఊరు మొత్తం మీతో పాటు చీకట్లో ఉండేది.

అన్ని తప్పులూ తెగిన తీగలా ఎదురుగా కనిపించవు. ఒక మే నెలలో మా ఫీడర్ ఒకటి మూడు రోజులు ఏడిపించింది. పొద్దున ఛార్జ్ చేస్తే నిలబడుతుంది. సాయంత్రం నాలుగు చినుకులు పడగానే బ్రేకర్ పడిపోతుంది. రెండుసార్లు మొత్తం నడిచాం, తీగలు బాగున్నాయి, చెట్లు లేవు, స్తంభాలు నిటారుగా ఉన్నాయి. ఊరివాళ్లు మాకు పని రాదని తేల్చేశారు. మూడో రాత్రి చినుకుల్లోనే మా హెల్పర్ ఒక బావి పక్కన ఆగి, "సార్, చిర్రుమంటోంది" అన్నాడు. పైకి చూస్తే పిన్ ఇన్సులేటర్ దగ్గర సన్నగా నీలం వెలుగు. పిడుగు దెబ్బకు పింగాణీ మీద వెంట్రుకంత పగులు పడింది. ఎండలో అది పలకదు. తడిస్తే కరెంటు ఆ పగులు గుండా క్రాస్ ఆర్మ్‌కు (స్తంభం మీది అడ్డ ఇనుప కమ్మీకి), అక్కడి నుంచి భూమికి జారుతుంది. ఇన్సులేటర్ మార్చడానికి గంట కూడా పట్టలేదు. కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. ఊరివాళ్లకు మాత్రం "గంట పనికి మూడు రోజులు తిప్పారు" అని గుర్తుండిపోయింది. ఇప్పటికీ అంటారు.

తప్పు దొరికాక వెంటనే ఎక్కడానికి లేదు. లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి మా చేతికి ఇచ్చారన్న అనుమతి తీసుకోవాలి, మేం ఎల్‌సీ అంటాం. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ బ్రేకర్ తీసి, ఐసోలేటర్ (లైన్‌ను కంటికి కనిపించేలా విడదీసే స్విచ్) ఓపెన్ చేసి, లైన్‌ను ఎర్త్ చేసి, అంటే భూమికి కలిపి, ఫలానా ఫీడర్ ఫలానా మనిషికి ఇచ్చాను అని రాసుకుంటాడు. ఇక్కడ స్పాట్‌లో మేం ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, మూడు బ్లేడ్లూ విడిపోయాయా లేదా అని కంటితో చూస్తాం. హ్యాండిల్ కిందికి వచ్చినా ఒక బ్లేడు తుప్పు పట్టి అతుక్కునే ఉండటం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. మీ వైరింగ్ పిలగాడు హ్యాండిల్ లాగి, అయిపోయిందనుకుని ఎక్కే చోటు ఇదే. తర్వాత డిశ్చార్జ్ రాడ్‌తో (ఎర్త్ రాడ్ అన్నా అదే) తీగలకు ఎర్త్ తగిలిస్తాం, పని చేసే చోటికి అటొకటి ఇటొకటి. అప్పుడే చెయ్యి వేస్తాం.

ఈ ఎల్‌సీల లెక్కలోనే ఊర్లకు తెలియని ఒక ఆలస్యం ఉంది. ఒకే ఫీడర్ మీద మూడు చోట్ల తెగితే మూడు గ్యాంగులు దిగుతాయి, ఎవరి ఎల్‌సీ వాళ్లు తీసుకుంటారు. మీ ఊరి పని పన్నెండింటికి అయిపోయింది. మా మనిషి ఎల్‌సీ వాపసు ఇచ్చేశాడు, స్తంభం దిగి చాయ్ తాగుతున్నాడు. మీరు "అయిపోయింది కదా, ఇంక ఇవ్వరేం?" అని గొడవ చేస్తున్నారు. నాలుగు కిలోమీటర్ల అవతల రెండో గ్యాంగులో మనిషి ఇంకా స్తంభం మీద ఉన్నాడు. మూడు ఎల్‌సీలూ వాపసు వచ్చేదాకా ఆపరేటర్ బ్రేకర్ వేయకూడదు. ఒక ఊరి పెద్దమనిషి సబ్‌స్టేషన్‌కే వచ్చి ఆపరేటర్ మీద కుర్చీ ఎత్తిన రోజు నాకు గుర్తుంది. ఆ కుర్రాడు వణుకుతూనే ఉన్నాడు గానీ బ్రేకర్ మాత్రం వేయలేదు. అవతల స్తంభం మీద ఉన్నది నేనే. నాకు ఆ సంగతి సాయంత్రం తెలిసింది.

ఇప్పుడు, చచ్చిన లైన్ ఎందుకు చావదో చెప్తాను.

మొదటిది. తీగ నేల మీద పడితే బ్రేకర్ పడి తీరుతుందని అందరి నమ్మకం. తడి నేల మీద, ఇనుము మీద తీగ పడితే చాలాసార్లు బ్రేకర్ పడుతుంది. ఎండిన ఇసుక మీద, బండ మీద, తారు రోడ్డు మీద, ఎండు గడ్డి మీద పడితే నేలలోకి దిగే కరెంటు అతి తక్కువ. సబ్‌స్టేషన్ రిలేకు అది ఒక చిన్న మోటారు నడుస్తున్నట్టే కనిపిస్తుంది. తీగ ప్రాణంతోనే పడి ఉంటుంది.

రెండోది. మూడు ఫేజుల్లో ఒక్కటే తెగిందనుకోండి. సబ్‌స్టేషన్ వైపు కొస స్తంభానికి వేలాడుతోంది, ఊరి వైపు కొస నేల మీద పడింది. ఊరి వైపు ముక్కకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. మిగతా రెండు ఫేజుల నుంచి వస్తుంది. అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల గుండా తిరిగి ఈ తెగిన ముక్కలోకి దిగుతుంది. అందుకే సగం వెలుగుతో లైట్లు మిణుకుమిణుకుమంటుంటే, ఎక్కడో ఒక తీగ నేల మీద ప్రాణంతో ఉండవచ్చని అనుమానపడాలి.

మూడోది, నాకు అన్నిటికంటే భయమైనది, మనుషులు చేసేది. మీ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు లేదు, పక్క వాడ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఉంది. ఎవరో ఒకరు వంద మీటర్ల సర్వీస్ వైరు తెచ్చి, పక్క వాడ నుంచి ఫేజు గుంజుకుని ఇంట్లో నాలుగు లైట్లు వేసుకుంటారు. మెయిన్ తీయరు. ఆ కరెంటు ఇంట్లోంచి సర్వీస్ వైరు ఎక్కి, ఎల్‌టీ తీగల మీదుగా మీ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి దూరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు వెనకా తెలియదు. 11 వేల వోల్టులను 433కు దించే యంత్రమే, వెనక నుంచి ఇస్తే 433ను 11 వేలకు ఎక్కిస్తుంది. ఒక్క ఫేజుతో అంతా ఎక్కకపోయినా, మనిషిని తీసేంత ఎక్కుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసి ఉంది, ఎల్‌సీ చేతిలో ఉంది, మా మనిషి తీగ పట్టుకున్నాడు. జనరేటర్ అయినా అంతే, ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసే స్విచ్) లేకుండా తగిలించిన ఇన్వర్టర్ అయినా అంతే. ఎర్త్ రాడ్ రెండు పక్కలా వేసి ఉంటే ఆ మనిషి బతుకుతాడు. నాతో పనిచేసిన ఒకడు ఒక మిల్లు జనరేటర్ వల్ల చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ రోజు రాడ్ ఒకవైపే వేశాడు. రెండో రాడ్ జీపులో ఉంది.

కాబట్టి ఈ మూడు రోజుల్లో మీ వాడలో ఎవరైనా పక్క నుంచి వైరు గుంజుకుని ఉంటే, ఈ రాత్రే తీయించండి. సిగ్గుపడతారని ఊరుకోకండి.

ఇప్పుడు స్తంభం సంగతి. మీరు ఒక్కటే అన్నారు. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం మూడు క్వింటాళ్లకు పైనే ఉంటుంది. రోడ్డు పక్కన అయితే ట్రాక్టర్‌కు బిగించిన క్రేన్‌తో గంటలో నిలబెడతారు. మీ ఫొటోలో అది రెండు పొలాల లోపల ఉంది. తడిసిన దుక్కిలో క్రేన్ దిగితే మళ్లీ దాన్ని గుంజడానికి ఇంకో ట్రాక్టర్ కావాలి. అప్పుడు తాళ్లు, వాసాలు, పదీ పన్నెండు మంది మనుషులు. గుంత దాదాపు అయిదు అడుగుల లోతు తీయాలి. నల్లరేగడిలో తవ్వుతుంటే నీళ్లు ఊరుతాయి, గోడలు జారుతాయి. మట్టి ఒక్కటే పూడిస్తే ఆరు నెలల్లో మళ్లీ ఒరుగుతుంది. రాళ్లు వేసి దట్టించాలి, మూల మలుపు స్తంభమైతే స్టే వైరు, అంటే స్తంభం ఒరగకుండా నేలలోకి గుంజి కట్టే తీగ, బిగించాలి. చాలా ఊర్లలో గాలికి పడేవి స్టే వైరు ఎప్పుడో ఊడిపోయిన స్తంభాలే. దున్నేటప్పుడు నాగలికి అడ్డం వస్తోందని స్టే విప్పి పక్కన చుట్టి పెట్టిన రైతులను కూడా చూశాను. పోనీ అని ఒకసారి ఊరుకున్నాను. అది నా తప్పే, మరుసటి ఏడాది ఆ స్తంభం పడుతూ పడుతూ ఇంకో నాలుగింటిని గుంజుకుపోయింది.

అన్ని విపత్తులూ ఒక్క తీరు కాదు. మన దగ్గర ఏప్రిల్, మే దుమారాలు అరగంటే ఉంటాయి. వేప కొమ్మలు, రేకుల షెడ్లు ఎగిరి తీగల మీద పడతాయి, పిడుగులు ట్రాన్స్‌ఫార్మర్లను కొడతాయి. దారులు మాత్రం బాగుంటాయి, మనం పోగలం. వానాకాలం వరద వేరు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, పక్క భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా పాత వాళ్లకు ఫోన్లు వచ్చాయి, ఏ బావి వెనక ఏ ఏబీ స్విచ్ ఉందో, ఏ లైన్ వాగును ఎక్కడ దాటుతుందో మా తలకాయల్లోనే ఉంది మరి. అలాంటప్పుడు సామాను ఉన్నా, మనుషులు ఉన్నా, వాగు దాటే దారి ఉండదు. సబ్‌స్టేషన్‌లోకే నీళ్లు వస్తే ప్యానెళ్లు, కంట్రోల్ కేబుళ్లు, బ్యాటరీలు ఆరబెట్టి, పరీక్షించి గానీ ముట్టుకోకూడదు. తొందరపడి ఛార్జ్ చేస్తే రోజులో అయ్యే పని నెలకు పోతుంది.

మూడో రకం 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో చూశాం. గాలి ఒక్క దెబ్బతో 50 వేలకు పైగా చెట్లను పడగొట్టింది. అలాంటి చోట కరెంటు పని మొదలయ్యేది రంపంతో. చెట్టు తీస్తే దారి, దారి పడితే స్తంభం, స్తంభం లేస్తే తీగ. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను తీరం దాటిన మర్నాడు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు ఇంకో సమస్య వచ్చింది. నీళ్లలో ఉన్న ఇళ్లకు కరెంటు ఇవ్వడమే ప్రమాదం. లైన్లు బాగున్నా ఆపి ఉంచాలి. "లైన్ బాగుండి కూడా ఇస్తలేరు" అని తిట్లు తినాలి.

ముందు ఎవరికి ఇస్తారు అని కూడా అడిగారు, కొంచెం కోపంగానే. ఆసుపత్రులు, తాగునీటి పథకాలు, ఆ తర్వాత పట్టణాలు, ఊర్లు, చివరికి బావుల లైన్లు. వరుస అది. పెద్దల ఫోన్లు ఈ వరుసను ఎప్పుడూ మార్చవా అంటే, మారుస్తాయి, అబద్ధం చెప్పను. అయితే ఎక్కువసార్లు లెక్క మామూలుగా ఉంటుంది. ఒక గ్యాంగు, ఒక పూట. ఒక జంపర్ వేస్తే ఎనిమిది వందల ఇళ్లకు వస్తుందా, నాలుగు స్తంభాలు లేపితే పన్నెండు బావులకు వస్తుందా? ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) స్థానంలో ఉంటే మీరైనా మొదటిదే చేస్తారు. నాట్ల కాలంలోనో, పొట్ట దశలోనో అయితే బావుల వాళ్ల బాధ వేరు, అప్పుడు వరుస మార్చమని గట్టిగా అడగవలసిందే.

ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మాత్రం లెక్క ఉంది. విద్యుత్ నియంత్రణ మండలి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడానికి ఇచ్చిన గడువు పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు. తుపాను, వరద లాంటి వాటికి మినహాయింపు ఉంటుంది కాబట్టి ఈ వారం దాన్ని పట్టుకుని వాదించడం కష్టం, మామూలు రోజుల్లో వాదించండి. కాలిన దాన్ని షెడ్డుకు తీసుకుపోవడం, బాగైంది తేవడం సంస్థ పని. రైతులు తలా ఇంత వేసుకుని ట్రాక్టర్ మాట్లాడుకునే అలవాటు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, అది మానాలి. పోతే, కాలిందో లేదో ముందు తేలాలి. చాలాసార్లు పోయేది ట్రాన్స్‌ఫార్మర్ పైన 11 కేవీ వైపు ఉండే హెచ్‌జీ ఫ్యూజు ఒక్కటే. పిడుగు దెబ్బను భూమికి దించే అరెస్టర్లు మూడింటిలో ఒకటి పగిలితే దాన్ని విప్పితే చాలు, ఆ పూటకు నిలబడుతుంది. అయితే ఫ్యూజు వేయగానే మళ్లీ ఢామ్మని పోతే ఆగిపోవాలి, మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూడాలి. ఇంకొంచెం లావు తీగ వేసి నిలబెట్టే తెలివి మన ఊర్లలో చాలా ఉంది. బాగు చేయగలిగిన ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా కాలేది దానివల్లే.

ఊరు ఏం చేయగలదు? ఇది నన్ను అడగలేదు గానీ అడగవలసింది ఇదే. లైన్ మీద పడని కొమ్మలు, దారికి అడ్డం పడ్డ చెట్లు మీరు కొట్టేయవచ్చు. తీగను ఆనుకున్న కొమ్మను మాత్రం వదిలేయండి, పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది. మీ ఊరి పొలిమేర నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా లైన్‌కు దూరంగా, పక్కగా ఇద్దరు నడిచి, ఏ స్తంభం ఒరిగింది, ఎక్కడ తీగ జారింది, ఎక్కడ ఇన్సులేటర్ పగిలింది రాసుకుని ఫొటోలు తీయండి. స్తంభం మీద నంబరు ఉంటే నంబరు, లేకపోతే ఎవరి చెలక అన్నది. తీగ పడి ఉన్న చోటికి వెళ్లవద్దు. పొరపాటున దగ్గరికి పోయి కాళ్లు జివ్వుమంటే పరుగెత్తకండి. రెండు పాదాలు ఆనించి చిన్న చిన్నగా జరుపుకుంటూ వెనక్కి రావాలి. అడుగు దూరంగా వేస్తే రెండు కాళ్ల మధ్యే వోల్టేజీ తేడా వచ్చి పడిపోతారు. గొడ్లు అందుకే ముందు చస్తాయి, వాటి ముందు కాళ్లకు వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ.

గ్యాంగు వచ్చినప్పుడు ట్రాక్టర్, పది మంది మనుషులు, రాళ్లు సిద్ధంగా ఉంటే మీ స్తంభం ముందు లేస్తుంది. ఇది సిఫారసు కంటే బాగా పనిచేస్తుంది. అన్నం కూడా పెట్టండి, వాళ్లు మూడు రోజులుగా ఇళ్లకు పోలేదు. ఊరి తరఫున ఒక్కరే మాట్లాడండి. నలభై మంది నలభై ఫోన్లు చేస్తే స్తంభం మీదున్న మనిషి జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది, దాని వల్ల కూడా ప్రమాదాలు జరిగాయి.

కరెంటు వచ్చే గంట గురించి ఇంకొంచెం. ఇళ్లలో మెయిన్ తీసి ఉంచండి. వచ్చాక ముందు ఒక్క బల్బు వేసి చూడండి. మరీ తెల్లగా మండినా, మరీ మసకగా ఉన్నా వెంటనే తీసేయండి. గాలికి న్యూట్రల్ తెగి ఉంటే ఒక ఇంటికి 240 బదులు 400 దాకా వోల్టేజీ పోతుంది. ఊరంతా టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోయిన కథలన్నీ అవే. రేకుల ఇళ్లలో సర్వీస్ వైరు రేకు అంచుకు రాసుకుని తొక్క లేచిందేమో చూడండి. బట్టల దండెం ఇనుప తీగదైతే, అది సర్వీస్ స్తంభానికో రేకుకో తగులుతుంటే, ఈ రోజే విప్పి ప్లాస్టిక్ తాడు కట్టండి. మా కాలంలో ఏడాదికి ఒక ఆడబిడ్డ అయినా తడి బట్ట ఆరేస్తూ పోయేది.

బావుల కాడ ఇంకో సంగతి. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు, అంటే కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే పెట్టెలు, తీసేయమని ఊరూరా చెప్పాం. సగం మంది తీశారు, సగం మంది మళ్లీ పెట్టుకున్నారు. మామూలు రోజుల్లో ఒకరి మోటారు ఇప్పుడు, ఒకరిది తర్వాత నడుస్తుంది. మూడు రోజుల తర్వాత కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడు ఆంపియర్ల చిల్లర తీసుకుంటుంది, లేచేటప్పుడు దానికి అయిదారు రెట్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక ఫేజుకు 33 ఆంపియర్లే ఇవ్వగలదు, 100 కేవీఏ అయితే 133. అందరూ ఒక్కసారి లేస్తే ఫ్యూజులు పోతాయి, కొన్నిసార్లు ఫీడర్ బ్రేకరే పడిపోతుంది. ఆపరేటర్ ఇంకా ఎక్కడో ఫాల్టు ఉందనుకుంటాడు, మా మనుషులు మళ్లీ లైన్ కింద నడవడం మొదలుపెడతారు. ఒకసారి మేం ఇలా సగం రోజు లేని తప్పును వెతికాం. కాబట్టి స్టార్టర్లన్నీ ఈ పూటే ఆఫ్ చేయించండి. కరెంటు వచ్చిన గంట తర్వాత, ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద నలుగురు చొప్పున మొదలుపెట్టండి.

రేపు పొద్దున లైన్‌మన్ ఫోన్ ఎత్తితే "ఎప్పుడు వస్తది" అని అడగకండి. "మా వాడ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సబ్‌స్టేషన్ వైపు ఫలానా స్తంభం ఒరిగింది, దాని పక్క తీగ కంచె మీద ఉంది, మనుషులను కాపలా పెట్టాం, చెట్లు కొట్టేశాం, ట్రాక్టర్ ఉంది, పక్క నుంచి గుంజిన వైర్లు తీసేశాం" అని చెప్పండి. వచ్చాక మీ కొమ్మ జంపర్లు నిజంగానే విప్పి ఉన్నాయో లేదో నాకు ఇక్కడ ఒక మాట రాయండి. నా అంచనా తప్పయితే, ఆ ఒరిగిన స్తంభం మీది ఇన్సులేటర్లను దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తాను. దగ్గరగా అంటే కెమెరాలో జూమ్ చేసి, కంచెకు ఇవతల నిలబడే.